చేతులు కాయలు కాస్తున్నాయి, గ్లౌజులు వేసుకోనా మేడం?

బరువులెత్తేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోవాలా వద్దా అని ఈమధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. జవాబులు రాసింది విజయనగరంలో పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతున్న మా కోచ్ మేడం.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆరు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని నిలబడి తొడల దాకా ఎత్తడం) 60 కిలోల దాకా వచ్చింది. జిమ్ అంటే ఇప్పుడు చాలా ఇష్టం. కానీ రెండు అరచేతుల్లోనూ కాయలు కాశాయి. ఒకటి చిట్లి రక్తం కూడా వచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "చేతులు ఇలా పెట్టుకుని పెళ్ళిచూపులకి ఎలా కూర్చుంటావే?" అని అమ్మ రోజూ గొడవ. గ్లౌజులు కొనుక్కోమని ఒక ట్రైనర్ అంటే, వాటితో పట్టు రాదని ఇంకో ట్రైనర్ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు మేడం?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, గ్లౌజుల సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు అరచెయ్యి వెలుతురులో పెట్టి చూసుకో. కాయలు ఎక్కడున్నాయి? వేలు అరచేతిని కలిసే మడత దగ్గర, చిన్నగా, చదునుగా ఉంటే నీ పట్టు బాగానే ఉన్నట్టు. అలా కాకుండా అరచేతి లోపలికి దిగి, ఉబ్బెత్తుగా, ముఖ్యంగా మధ్యవేలు, ఉంగరపు వేలు కింద గట్టిగా తగులుతుంటే మాత్రం బార్‌ని, అంటే బరువులు తగిలించే ఇనుప కడ్డీని, మరీ లోపలికి పట్టుకుంటున్నావని అర్థం. చిట్లి రక్తం వచ్చిందన్నావు కాబట్టి నాకు ఈ రెండోదే అనిపిస్తోంది.

కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది బార్‌ని అరచేతి నడిమధ్యన పెట్టి గుప్పిట బిగిస్తారు. గట్టిగా పట్టుకున్నట్టే అనిపిస్తుంది. బరువు నేలని వదలగానే బార్ కిందికి, వేళ్ళవైపు జారుతుంది. జారుతూ జారుతూ అరచేతి చర్మాన్ని కూడా లాక్కుపోతుంది. ఆ చర్మం వేళ్ళ మొదట్లో మడత పడి, ఇటు ఇనుముకీ అటు ఎముకకీ మధ్య నలుగుతుంది. ఎత్తిన ప్రతిసారీ ఇదే. చర్మం తనని తాను కాపాడుకోవడానికి అక్కడ మందమవుతుంది. అదే కాయ. కాయ ఎత్తుగా లేస్తే దాని అంచు బార్ గరుకుకి తగులుకుని, కింద ఉన్న మెత్తటి చర్మంతో సహా లేచి వస్తుంది. నీకు రక్తం వచ్చింది అలాగే అయి ఉంటుంది.

ఇంట్లోనే ఒక పని చెయ్యి. నిండు నీళ్ళ బకెట్ ఎత్తి నాలుగడుగులు నడువు. పిడి ఎక్కడికి చేరింది? వేళ్ళు అరచేతిని కలిసే మడతలోకి. బార్ కూడా చివరికి అక్కడికే వస్తుంది కాబట్టి, మొదటే అక్కడ పెట్టుకుంటే జారడానికి చోటుండదు. చెయ్యి తెరిచి, ఆ మడత మీద బార్ ఆనించి, వేళ్ళు చుట్టి, వాటి మీద బొటనవేలు బిగించు. మొదటి వారం పట్టు వదులైపోయినట్టు అనిపిస్తుంది. అందుకే ఆ వారం బరువు తగ్గించుకో. ఇదంతా లాగే వ్యాయామాలకి మాత్రమే, అంటే డెడ్‌లిఫ్ట్, రోయింగ్, పుల్‌డౌన్, పుల్ అప్స్ లాంటివాటికి. బెంచ్ ప్రెస్‌లాగా తోసేవాటిలో బార్ అరచేతి అడుగుభాగాన, ముంజేతి ఎముకలకి నేరుగా పైన కూర్చోవాలి. అక్కడ వేళ్ళ మొదట్లో పట్టుకుంటే మణికట్టు వెనక్కి వంగిపోయి నొప్పి పుడుతుంది.

ఇక మీ ట్రైనర్ల మాట. గ్లౌజు రాపిడి తగ్గిస్తుంది, ఆ మాట నిజమే. దాంతోపాటు బార్‌ని లావు కూడా చేస్తుంది. పోటీల్లో ఆడవాళ్ళ బార్ 15 కిలోల బరువు, పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మగవాళ్ళది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. మన ఊళ్ళలో మామూలు జిమ్‌లో ఆడవాళ్ళ బార్ కనపడడమే అరుదు. అందరికీ ఆ లావుదే దిక్కు. దాని మీద 3 మిల్లీమీటర్ల మెత్త ఉన్న గ్లౌజు వేసుకుంటే రెండువైపులా కలిసి 34 అవుతుంది. చిన్న చేతులున్న ఆడపిల్ల బొటనవేలు అప్పుడు వేళ్ళ మీదికి ఎక్కదు. కాళ్ళలో, నడుములో ఇంకా సత్తా ఉండగానే గుప్పిట విడిపోతుంది. వదులు గ్లౌజు అయితే ఇంకో తంటా. బార్ గ్లౌజుని అంటుకునే ఉంటుంది గానీ, గ్లౌజు చెయ్యి మీద కదులుతుంది. దాని మడత కిందే కొత్త కాయ కాస్తుంది.

అందుకని డెడ్‌లిఫ్ట్‌కి నీకు గ్లౌజులు వద్దు. ముందు పట్టు మార్చుకో, ఒక నెల చూడు. మెషీన్ల మీద, డంబెల్స్‌తో చేసేవాటికి కావాలంటే వేసుకో. అక్కడ పెద్దగా నష్టం లేదు. కొనేటప్పుడు లోపల జెల్ ప్యాడింగ్ ఉన్నవి తీసుకోకు. పలచగా, చేతికి అతుక్కున్నట్టు ఉండేవి, వేళ్ళు సగం దాకా తెరిచి ఉండేవి తీసుకో.

చేతుల సంరక్షణ మాత్రం ఈరోజే మొదలుపెట్టు. వారానికి రెండుసార్లు, స్నానమయ్యాక చర్మం నానినప్పుడు, పాదాలు రుద్దుకునే రాయితో కాయ మీద నెమ్మదిగా రుద్దు. పూర్తిగా అరగదీయకు. ఆ మందం కొంత నీకు అవసరమే. వేలు పెట్టి తడిమితే అంచు తగలకూడదు, అంతవరకు చాలు. బ్లేడుతో కోయడం, నెయిల్ కట్టర్‌తో కత్తిరించడం, ఆనెలకి అంటించే మందు పట్టీలు వేయడం వద్దు. ఆ పట్టీల్లో ఉండే సాలిసిలిక్ యాసిడ్ చుట్టుపక్కల మంచి చర్మాన్ని కూడా ఊడగొడుతుంది. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనెగానీ వ్యాజిలైన్‌గానీ రాసుకో. జిమ్‌కి వెళ్ళేముందు మాత్రం ఏ నూనే రాయకు, జారుతుంది.

అమ్మగారి దిగులుని కోపంతో కొట్టిపారేయకు. ఆవిడకి తెలిసిన లోకంలో ఆడపిల్ల చేతులు మెత్తగా ఉండాలి. ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని 2000 సెప్టెంబర్ సంగతి చెప్పు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది సిడ్నీలో మొదటిసారి. అందులో మా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒక్క ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్ణించి తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఏళ్ళ తరబడి ఇనుము పట్టిన చేతులవి. ఆ రోజు ఆ చేతులు గరుకుగా ఉన్నాయని ఈ దేశంలో ఒక్కరూ అనలేదు. ఇంకో మాట కూడా చెప్పు. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. బరువులెత్తితే ఎముక గట్టిపడుతుంది, కూడబెట్టుకోవాల్సింది ఈ వయసులోనే. నీ చేతుల్లో కాసింది, రాయితో రుద్ది నూనె రాస్తే నెల తిరక్కుండా తగ్గేదే. దానికోసం ఎత్తడం మానకు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ జిమ్ చేస్తున్నాను. నాకు చేతులు విపరీతంగా చెమట పడతాయి. డెడ్‌లిఫ్ట్ 100 కిలోలు దాటితే బార్ జారిపోతోంది. మణికట్టుకి బెల్టు ఉన్న గ్లౌజులు కొన్నాను. పదిహేను రోజుల్లో అవి కూడా తడిసి జారుతున్నాయి. స్నేహితులు టాల్కమ్ పౌడర్ రాసుకోమంటున్నారు. ఇంకొకరు స్ట్రాప్స్ (చేతిని బార్‌కి చుట్టి కట్టే పట్టీలు) కట్టుకోమంటున్నారు. ఏం చెయ్యాలి మేడం?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: బాబూ, టాల్కమ్ పౌడర్ చేతికి అస్సలు రాయకు. అది జారడానికే పనికొస్తుంది. డెడ్‌లిఫ్ట్ పోటీల్లో కొందరు తొడలకి రాసుకుంటారు, బార్ తొడ మీద అడ్డం లేకుండా పైకి రావాలని. అది చూసి ఎవరో నీకు చేతికి చెప్పి ఉంటారు.

నీకు కావాల్సింది చాక్ పౌడర్, అంటే మెగ్నీషియం కార్బొనేట్. క్రీడా సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్‌లో ముద్దగానూ పొడిగానూ దొరుకుతుంది. తరగతిలో బోర్డు మీద రాసే సుద్దముక్క ఇది కాదు, అది నూరి రాసుకోకు. మెగ్నీషియం కార్బొనేట్ చెమటని పీల్చుకుని చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. ముందు చేతులు తువ్వాలుతో బాగా తుడుచుకో. కొద్దిగా తీసుకుని వేళ్ళ మొదళ్ళకి, బొటనవేలి లోపలివైపు రాయి. మిగిలినది దులిపెయ్యి. దట్టంగా పూసుకున్నా పట్టు పోతుంది, పొడి మీద పొడి జారుతుంది. అయిపోయాక బార్‌ని నైలాన్ బ్రష్‌తో తుడిచిపెట్టు. చాక్ మేటలు వేసి గీతలు పూడిపోయిన బార్ పక్కవాడి చేతిలో జారుతుంది.

బార్ మీద చెక్కిన గీతల గరుకు ఉందే, పట్టుకి ఆధారం అదే. మీ జిమ్ బార్ అరిగి నున్నగా మెరుస్తుంటే ఎన్ని పూసినా లాభం తక్కువ. ఇంకొకటి కూడా చూడు. ప్లేట్లు ఎక్కించే చివరి గొట్టాలని చేత్తో తిప్పు. మంచి బార్‌కి అవి సులువుగా తిరుగుతాయి. అప్పుడు ప్లేట్లు తిరిగినా నీ చేతిలో బార్ తిరగదు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన గొట్టాలైతే ప్లేట్ల ఊపు మొత్తం నీ అరచేతిలోకే వస్తుంది. చర్మం లేవడానికి ఇదో పెద్ద కారణం. జిమ్ యజమానికి చెప్పి శుభ్రం చేయించి, రెండు చుక్కల నూనె వేయిస్తే సగం బాధ తీరుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. పిల్లల చేతులు చిరుగుతుంటే మాత్రం గ్లౌజులు అమ్ముతారు.

పట్టులోనే ఇంకా దారులున్నాయి. మా వెయిట్‌లిఫ్టర్లు వాడేది హుక్ గ్రిప్. బొటనవేలిని ముందు బార్ చుట్టూ తిప్పి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు వేసి నొక్కిపట్టడం. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కిలోలు ఎత్తాడు. అంత బరువుని ఒక్క ఊపున నేల మీంచి భుజాల మీదికి లాగేటప్పుడు గుప్పిట మామూలుగా బిగిస్తే నిలవదు. హుక్ గ్రిప్ మొదట్లో బొటనవేలు పిండేసినట్టు నొప్పి పెడుతుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది. తక్కువ బరువుతో మొదలుపెట్టు. ఒక చెయ్యి బోర్లా, ఒక చెయ్యి వెల్లకిలా పట్టే మిక్స్‌డ్ గ్రిప్ కూడా ఉంది. బార్ వేళ్ళవైపు దొర్లకుండా ఆపుతుంది. అయితే వెల్లకిలా పెట్టిన చేతిని మోచేయి దగ్గర వంచి లాగితే కండని ఎముకకి కలిపే స్నాయువు తెగే ప్రమాదం ఉంది. మోచేయి నిటారుగా ఉంచి, అప్పుడప్పుడు చేతులు మారుస్తూ ఉండు.

స్ట్రాప్స్ తప్పేమీ కాదు. కానీ ప్రతి సెట్‌కీ కట్టుకుంటే గుప్పిట బలం పెరగదు. వార్మప్ నుంచి చెయ్యి ఆగినంతవరకు ఉత్త చేతులతో చెయ్యి. నడుముకి, కాళ్ళకి ఇంకా పని చెప్పాలనుకున్న చివరి సెట్లకి కట్టుకో. నీ గ్లౌజుల్లో ఉన్న మణికట్టు బెల్టు పలచటి బట్ట. అది మణికట్టుని నిలబెట్టదు. అవసరమైతే విడిగా రిస్ట్ రాప్స్ (మణికట్టుకి బిగించి చుట్టే పట్టీలు) తీసుకో, అదీ తోసే వ్యాయామాలకే. రేపు పవర్‌లిఫ్టింగ్ పోటీలకి వెళ్ళాలనిపిస్తే అక్కడ గ్లౌజులు, స్ట్రాప్స్ రెండూ పనికిరావు. చేతికి చాక్ రాసుకోనిస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. కోచ్ దగ్గర స్నాచ్ నేర్చుకుంటోంది. మొన్న అరచేతిలో రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయింది. ఇంటికొచ్చాక మా అత్తగారు కాఫీపొడి అద్దారు. పిల్ల ఏడ్చింది. గ్లౌజులు కొనిపెడితే కోచ్ ఒప్పుకోవడం లేదు, టేపు వేసుకోమంటున్నారు. చిన్నపిల్ల కదా మేడం, చూడలేకపోతున్నాను.
— ఒక తల్లి, నెల్లిమర్ల దగ్గర

జవాబు: చెల్లెమ్మా, నీ బాధ నాకు తెలుసు. మా పిల్లల్లో ఎవరికైనా చర్మం లేస్తే ఆ పూట నాకూ మనసు నిలవదు. ముందు గాయం సంగతి చూద్దాం.

కాఫీపొడి వద్దు. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్ కూడా వద్దు. రక్తం ఆపుతుందని అద్దేస్తాంగానీ, పచ్చి గాయంలో ఆ పొడి ఇరుక్కుని చీము పట్టడానికి దారి చేస్తుంది. అత్తగారికి మెల్లగా చెప్పు. ఆవిడ ప్రేమతోనే చేశారు. కుళాయి కింద ధారగా నీళ్ళు పోస్తూ మామూలు సబ్బుతో కడగాలి. మండుతుంది, పక్కనుండి చెయ్యి పట్టుకో. లేచిన చర్మం ఇంకా ఒక అంచున అంటుకుని శుభ్రంగా ఉంటే దాన్ని లాగి పీకెయ్యకు. వెనక్కి పరిచి గాయాన్ని కప్పు. రెండు మూడు రోజులు అదే కట్టులా పనిచేస్తుంది. పూర్తిగా ఎండి వేలాడుతున్న ముక్కని మాత్రం స్పిరిట్‌తో తుడిచిన చిన్న కత్తెరతో కత్తిరించు. పైన పలచగా వ్యాజిలైన్ రాసి, గాయానికి అంటుకోని గాజుగుడ్డ వేసి కట్టు కట్టు. రోజూ ఒకసారి మార్చు. ఎండబెడితే త్వరగా మానుతుందని మనవాళ్ళు అంటారుగానీ, అరచేతి గాయం ఎండితే చెయ్యి తెరిచినప్పుడల్లా పగులుతుంది. తేమగా ఉంచితేనే బాగా మానుతుంది.

టెటనస్ టీకాలు ఎప్పుడు వేయించారో చూసుకో. గుర్తులేకపోతే పీహెచ్‌సీలో అడుగు. ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము కనపడినా, వేడిగా పొంగినా, జ్వరం వచ్చినా ఇంట్లో ఆగకుండా డాక్టరుకి చూపించు.

మానేదాకా పిల్లని ఖాళీగా కూర్చోబెట్టక్కర్లేదు. బార్‌ని భుజాల మీద పెట్టుకుని స్క్వాట్స్ చేయొచ్చు, గెంతే వ్యాయామాలు చేయొచ్చు. స్నాచ్‌లో ఎక్కడ పొరపాటు జరిగిందో కర్రతో అడుగులు సరిచూసుకోవచ్చు. లాగే పని మాత్రం కొత్త చర్మం గులాబీ రంగు పోయి గట్టిపడేదాకా వద్దు. ఇది కోచ్‌కి నువ్వే వెళ్ళి చెప్పు. పిల్ల చెప్పలేకపోవచ్చు. పోటీ దగ్గరపడితే పిల్లలు నొప్పి దాస్తారు.

గ్లౌజుల విషయంలో మీ కోచ్ మాటే సరైనది. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ నిబంధనలు అరచేతికి వేళ్ళులేని తొడుగులు వేసుకోనిస్తాయి, అది నేరమేమీ కాదు. అయినా స్నాచ్ నేర్చుకునే పిల్లకి నేను ఇవ్వను. స్నాచ్‌లో బార్ నేల మీంచి తలపైకి పోయేలోపు చేతిలో దిశ మార్చుకుంటుంది. లాగినప్పుడు వేళ్ళలో వేలాడుతుంది, పైన ఆగినప్పుడు అరచేతి అడుగున కూర్చుంటుంది. ఆ మార్పు పిల్ల చర్మానికి తెలియాలి. మధ్యలో తోలు ముక్క ఉంటే బార్ ఎక్కడుందో ఆలస్యంగా తెలుస్తుంది. తలపైన బరువున్నప్పుడు ఆ ఆలస్యం మంచిది కాదు.

టేపు బొటనవేలికి. హుక్ గ్రిప్‌లో ఎక్కువ నలిగేది అదే. సాగే గుణమున్న టేపు తీసుకుని, కణుపు దగ్గర వేలు కాస్త వంచి ఉంచి, ఒకటిన్నర చుట్టు చుట్టాలి. నిటారుగా ఉంచి చుడితే తర్వాత వేలు వంగదు. గోరు నీలం రంగు తిరిగితే బిగువు ఎక్కువైందని, వెంటనే విప్పాలి. అరచేతి గాయం మీద టేపు వేసి రోజూ లాగించడం మాత్రం నేను ఒప్పుకోను. ఎప్పుడైనా పోటీ రోజున తప్పదనుకుంటే అది వేరు.

కొత్త గాయాలు రాకుండా, స్నానమయ్యాక కాయలు రాయితో రుద్దే పని నువ్వు తీసుకో. పిల్లలు బద్ధకిస్తారు. మీ పక్కనే ఉన్న కొండవెలగాడ సంగతి నీకు నేను చెప్పాలా? ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. పక్క పక్క ఇళ్ళ నుంచి ఆడపిల్లలు బార్ పట్టుకోవడానికి వెళ్ళే ఊరది. ఆ ఇళ్ళ తల్లులని కలువు. చేతులు ఎలా చూసుకోవాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ప్రశ్న: నా వయసు 54. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. నడకతో పాటు బరువులెత్తే వ్యాయామం కూడా చేయమని డాక్టరు చెప్పారు. వేళ్ళ కొసలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతాయి. జిమ్‌లో గ్లౌజులు వేసుకుంటే కుర్రాళ్ళు నవ్వుతారేమోనని మొహమాటంగా ఉంది.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అన్నగారూ, మీరు తప్పకుండా వేసుకోండి. పైన ఇద్దరికి వద్దన్నానని మీరు ఆగకండి. మీ విషయం వేరు. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే చర్మం ఒరుసుకుపోతున్నా నొప్పి తెలియదు. తెలిసేసరికి గాయం అవుతుంది, ఆ గాయం మానడానికి రోజులు పడుతుంది. మీకు గ్లౌజు వల్ల పట్టు కాస్త తగ్గినా పరవాలేదు, మీరు పోటీకి వెళ్ళడం లేదు. ఇంటికి వచ్చాక చేతులు కడుక్కుని వెలుతురులో అరచేతులు, వేళ్ళ సందులు చూసుకోండి. మీకు కనపడకపోతే ఇంట్లోవాళ్ళని చూడమనండి.

తిమ్మిరి సంగతి డాక్టరుకి విడిగా చెప్పండి. అది షుగరు వల్లా, మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం వల్లా అన్నది ఆయన తేల్చాలి. కంటి రెటీనా పరీక్ష చేయించుకుని చాలా కాలమైతే, బరువులు పెంచకముందే చేయించుకోండి. రెటీనా దెబ్బతిన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి. ఇన్సులిన్‌గానీ, షుగరు బాగా దించే మాత్రలుగానీ వాడుతుంటే జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉంచుకోండి. మొదట మెషీన్లు, తేలిక డంబెల్స్ చాలు. కుర్రాళ్ళ గురించి ఆలోచించకండి. మీ వయసులో జిమ్‌కి వచ్చినవాళ్ళని చూస్తే మా పిల్లలు లేచి బెంచీ ఇస్తారు.

ప్రశ్న: నేను వీణ నేర్పుతాను. మెడ, భుజాల నొప్పులకి బరువుల వ్యాయామం మొదలుపెట్టాను. ఎడమచేతి వేళ్ళకి తీగల వల్ల ఉన్న గట్టిదనం పోతుందేమో, కుడిచేతి గోళ్ళు విరుగుతాయేమో అని భయంగా ఉంది.
— ఒక సంగీత ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: అమ్మా, మీకు ఆ వేళ్ళే జీవనాధారం. రెండో ఆలోచన లేకుండా గ్లౌజులు వేసుకోండి. వేళ్ళ కొసలు బయటికి ఉండేవి మాత్రమే తీసుకోండి. పూర్తిగా మూసేస్తే చెమటకి నానిపోయి, మీరు ఇన్నేళ్ళు సంపాదించుకున్న గట్టి చర్మం మెత్తబడుతుంది. జిమ్ నుంచి వచ్చిన వెంటనే వీణ ముందు కూర్చోకండి, చెయ్యి పూర్తిగా ఆరనివ్వండి. రాయితో రుద్దుకునేటప్పుడు ఎడమచేతి వేళ్ళ కొసల జోలికి వెళ్ళకండి.

గోళ్ళ కోసం, బార్‌కి బదులు మెషీన్ల మీద లావుపాటి రబ్బరు పిడులున్నవి ఎంచుకోండి. గుప్పిట బిగించి చేసేవాటి కంటే మోచేతికి మెత్త ఆనించి తోసే మెషీన్లు, భుజానికి రబ్బరు బ్యాండ్లు మీకు నయం. బ్యాండ్‌ని మణికట్టుకి చుట్టుకుంటే వేళ్ళకి పనే ఉండదు. మా జిల్లాలో బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసే కుటుంబాలున్నాయి. ఆ చేతులు చూశాక నాకు వీణ పట్టే చేతులంటే చాలా గౌరవం. కచేరీ ఉన్న వారం బరువులు పూర్తిగా మానేసి నడకతో సరిపెట్టండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. మా జిమ్‌లో చాక్ నిషేధం. గ్లౌజులు తప్ప దారి లేదా?
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: ఉంది బాబూ. లిక్విడ్ చాక్ అడిగి చూడు. ఆల్కహాల్‌లో కలిపిన అదే మెగ్నీషియం కార్బొనేట్. చేతికి రాస్తే అర నిమిషంలో ఆరి తెల్లటి పొరలా నిలుస్తుంది, నేల మీద పొడి రాలదు. పొడి వద్దన్న జిమ్‌లు కూడా చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. ముందు కౌంటర్‌లో అడుగు. చేతికి పగుళ్ళుంటే ఆల్కహాల్ మండుతుంది, మానాకే వాడు. చలికాలంలో మీ దగ్గర హీటర్లకి చర్మం ఎండిపోయి చిట్లుతుంది, రాత్రి వ్యాజిలైన్ మరవకు.

ప్రశ్న: నా గ్లౌజులు భరించలేనంత వాసన వస్తున్నాయి. ఎన్నిసార్లు ఎండలో పెట్టినా పోవడం లేదు. అన్నదమ్ములిద్దరం ఒకటే జత వాడుతున్నాం.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఎండలో పెడితే చెమట ఆరుతుందిగానీ, అందులో పెరిగిన సూక్ష్మజీవులు పోవు. బట్టవైతే వారానికి ఒకసారైనా సబ్బునీళ్ళలో నానబెట్టి ఉతుకు, లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరబెట్టు. తోలువైతే నానబెట్టకుండా తడిగుడ్డతో సబ్బు పెట్టి తుడిచి, గాలికి పెట్టు. జిమ్ నుంచి రాగానే బ్యాగులోంచి బయటికి తియ్యి, అది అన్నిటికంటే ముఖ్యం. లోపలి మెత్త ఉండలు కట్టినా, కుట్లు ఊడినా మార్చెయ్యి. ఇద్దరూ ఒకటే జత వాడడం ఈరోజుతో ఆపండి. చేతి పులిపిర్లు, తామర ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది ఇలాగే. మీ ఇద్దరిలో ఎవరి చేతి మీదైనా ఇప్పటికే గరుకుగా చిన్న బుడిపె లేచి ఉంటే, దాన్ని కాయ అనుకుని రాయితో రుద్దకుండా చర్మ వైద్యుడికి చూపించండి.